హెచ్‌సీయూలో సీటు కావాలా? ఫారం దగ్గర్నుంచి హాస్టల్ రూమ్ దాకా ఏం చేయాలో చెప్తా

ఏటా జూన్, జులై వచ్చిందంటే చాలు, ఎవరో ఒకరు ఫోన్ చేసి "అన్నా, సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ చేద్దామనుకుంటున్నా, ఏం చేయాలి" అంటారు. ఏం చెప్పాలి చెప్పండి, దానికి ఫారం డిసెంబర్, జనవరిలోనే అయిపోయి ఉంటది, ఎగ్జామ్ మార్చిలో అయిపోయి ఉంటది, వీళ్ళు మాత్రం డిగ్రీ ఫైనల్ సెమ్ రిజల్ట్ వచ్చాక తీరిగ్గా లేస్తారు. తప్పు వాళ్ళది కాదులెండి, మన డిగ్రీ కాలేజీల్లో ఈ సంగతి చెప్పేవాళ్ళే తక్కువ. మాది ఖమ్మం వైపు, నేను డిగ్రీ చదివిన చోట సార్లకి కూడా హెచ్‌సీయూ అంటే గచ్చిబౌలిలో పెద్ద అడవి ఉన్న యూనివర్సిటీ అని తప్ప ఇంకేం తెలీదు. అందుకే ఒకసారి కూర్చుని మొత్తం రాసేస్తున్నా, ఇక మీదట అడిగినోళ్ళకి ఇదే పంపిస్తా.

ముందు అసలు ఇదేంటో, మీకు పనికొస్తదో లేదో చూస్కోండి. పేపర్ మీద పేరు యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్, జనం నోట్లో హెచ్‌సీయూ లేదా సెంట్రల్ యూనివర్సిటీ. ఉస్మానియాలాగా దీని కింద వందల డిగ్రీ కాలేజీలు ఉండవు. ఎక్కువ భాగం పీజీ, పీహెచ్‌డీ, దానికి తోడు ఇంటర్ అయినవాళ్ళకి ఐదేళ్ళ ఇంటిగ్రేటెడ్ కోర్సులు. అంటే మామూలు మూడేళ్ళ డిగ్రీ కోసమో, ఎంబీబీఎస్ కోసమో అయితే ఇది మీ చోటు కాదు, ఇక్కడితో ఆగిపోవచ్చు. కానీ ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, లైఫ్ సైన్సెస్, ఎకనామిక్స్, హిస్టరీ, సోషియాలజీ, తెలుగు, లింగ్విస్టిక్స్, కమ్యూనికేషన్, థియేటర్, డాన్స్ ఇట్లాంటివి సీరియస్‌గా చదవాలని ఉంటే మాత్రం మన రెండు రాష్ట్రాల్లో ఇంతకంటే మంచి చోటు దొరకడం కష్టం, ఇది నా అభిప్రాయం, ఉస్మానియా ఫ్రెండ్స్ తిట్టుకుంటే తిట్టుకోండి. 2019లో కేంద్రం దీనికి ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎమినెన్స్ హోదా కూడా ఇచ్చింది. ర్యాంకులు గట్రా ఏడాదికోలా మారతాయి కాబట్టి వాటి జోలికి నేను పోను, మీరూ పోకండి. మీ డిపార్ట్‌మెంట్‌లో ఎవరు చెప్తున్నారు, వాళ్ళు ఏం పని చేస్తున్నారు అనేది యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో చూడండి, ర్యాంకు కన్నా అది వందరెట్లు ఉపయోగం.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి, ఎందుకంటే సీటు సంగతి అర్థం కావాలంటే ఇది తెలియాలి. 1969 తెలంగాణ ఉద్యమం, ఆ తర్వాత 1972లో జై ఆంధ్ర, ముల్కీ (స్థానికులకే ఉద్యోగాలు అనే రూల్) గొడవలు ఇవన్నీ మన పెద్దోళ్ళ దగ్గర వినే ఉంటారు. వాటిని చల్లార్చడానికి 1973 సెప్టెంబర్‌లో ఆరు సూత్రాల పథకం అని ఒకటి వచ్చింది, అందులో హైదరాబాద్‌లో ఒక సెంట్రల్ యూనివర్సిటీ పెట్టాలన్నది కూడా ఉంది. దానికోసం రాజ్యాంగాన్ని 32వ సారి సవరించి 371ఇ అని ఒక ఆర్టికల్ చేర్చారు, ఒక యూనివర్సిటీ పెట్టడం గురించి రాజ్యాంగంలో విడిగా ఒక ఆర్టికల్ అంటే మాటలు కాదు. 1974 అక్టోబర్ 2న యూనివర్సిటీ మొదలైంది, మొదటి వీసీ గుర్బక్ష్ సింగ్. మొదట్లో క్లాసులు నడిచింది గచ్చిబౌలిలో కాదు, నగరం మధ్యలో సరోజినీ నాయుడు గారి ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో. తర్వాత గచ్చిబౌలిలో సుమారు 2300 ఎకరాలు ఇచ్చారు, అప్పట్లో ఊరి బయట రాళ్ళూ ముళ్ళపొదలే. ద్రావిడ భాషల మీద ప్రపంచమంతా పేరున్న మన భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1986 నుంచి 1993 దాకా ఇక్కడ వీసీగా చేశారు.

ఇప్పుడు అసలు పాయింట్. లోకల్, నాన్‌లోకల్ గొడవలోంచి పుట్టిన ఈ యూనివర్సిటీలో లోకల్ కోటా అనేదే లేదు. రాష్ట్ర యూనివర్సిటీల్లో 85 శాతం లోకల్ అని వింటూ పెరిగాం కదా, ఇక్కడ అది నడవదు. కేరళ, బెంగాల్, బిహార్, ఒడిశా, ఈశాన్యం, అందరూ మనతో పాటు ఒకే లిస్టులో పోటీ. మన ఊళ్ళో ఉంది కాబట్టి మనకి ఎలాగోలా వస్తదిలే అనుకుంటే పొరపాటే. కేరళ పిల్లలు ఫారం తేదీలు కంఠస్థం పట్టి మరీ వస్తారు, మనోళ్ళు గేటు ముందు నుంచే రోజూ బస్సులో పోతూ కూడా అప్లై చేయరు.

సరే, పనిలోకి దిగుదాం. మొదటి పని, మీకు ఏ ఎంట్రన్స్ వర్తిస్తదో తేల్చుకోవడం, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఇంటర్ తర్వాత ఐదేళ్ళ ఇంటిగ్రేటెడ్ ఎంఏ, ఎంఎస్‌సీకి సీయూఈటీ (సెంట్రల్ యూనివర్సిటీలకి పెట్టే ఉమ్మడి ఎంట్రన్స్) యూజీ. డిగ్రీ తర్వాత ఎంఏ, ఎంఎస్‌సీ లాంటి ఎక్కువ కోర్సులకి సీయూఈటీ పీజీ. ఈ రెండూ ఎన్‌టీఏ, అంటే కేంద్రం పరీక్షల ఏజెన్సీ వాళ్ళు పెట్టేవి, కంప్యూటర్ మీద రాయాలి. ఇవి కాక కొన్ని కోర్సులకి దారి వేరు: ఎంసీఏకి నిమ్‌సెట్, ఎంబీఏకి క్యాట్, ఎంటెక్‌కి గేట్, ఎంఎస్‌సీ బయోటెక్నాలజీకి గ్యాట్-బి, కంప్యూటర్ సైన్స్ ఐదేళ్ళ ఇంటిగ్రేటెడ్ ఎంటెక్‌కి జేఈఈ మెయిన్ రాసి జోసా (ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లు పంచేది) కౌన్సెలింగ్‌లో ఆప్షన్ పెట్టాలి. ఈ చివరిది అసలు చాలామందికి తెలీదు, జేఈఈ రాసిన మన పిల్లలు ఎన్‌ఐటీల లిస్టు చూసి ఆగిపోతారు, కిందికి ఇంకొంచెం స్క్రోల్ చేస్తే హెచ్‌సీయూ కనిపిస్తది. డాన్స్, థియేటర్, పెయింటింగ్ వైపు వెళ్ళేవాళ్ళు రాతపరీక్షతో పాటు చేసి చూపించేదానికి కూడా రెడీగా ఉండాలి.

రెండో పని తేదీలు. పీజీది డిసెంబర్, జనవరి టైమ్‌లో ఫారం, మార్చిలో ఎగ్జామ్, ఈ మధ్య ఏళ్ళలో ఇట్లా నడుస్తోంది. యూజీది జనవరి, మార్చి మధ్యలో ఫారం వస్తది, ఎగ్జామ్ మే అటూ ఇటూ. తేదీలు ఏటా జరుగుతుంటాయి కాబట్టి డిసెంబర్ ఒకటి నుంచే ఎన్‌టీఏ సైట్ వారానికోసారి తెరిచి చూడండి, ఫోన్‌లో అలారం పెట్టుకున్నా తప్పులేదు. డిగ్రీ ఫైనల్ ఇయర్‌లో ఉన్నవాళ్ళు కూడా అప్లై చేయొచ్చు, రిజల్ట్ వచ్చేదాకా ఆగక్కర్లేదు, దయచేసి ఈ ఒక్క మాట మీ క్లాస్ వాట్సాప్ గ్రూపులో పెట్టండి.

ఫారం నింపేటప్పుడు పేపర్ కోడ్ జాగ్రత్త. పీజీలో ఒక్కో సబ్జెక్టుకి ఒక్కో కోడ్ ఉంటది, నాలుగు పేపర్ల దాకా ఎంచుకోవచ్చు. మీరు చేరాలనుకున్న కోర్సుకి హెచ్‌సీయూ ఏ కోడ్ పేపర్ అడుగుతోందో చూసి అదే పెట్టాలి, కోర్సు పేరూ పేపర్ పేరూ ఒకేలా ఉంటాయని గ్యారంటీ లేదు. నా రూమ్మేట్ ఒకడు తొందరలో పక్క కోడ్ కొట్టి, మంచి మార్కులు తెచ్చుకుని మరీ ఆ ఏడాది ఇంట్లో కూర్చున్నాడు. యూజీలో ఐదు సబ్జెక్టుల దాకా పెట్టుకోవచ్చు, అక్కడ కూడా ముందు కోర్సు చూసి తర్వాత సబ్జెక్టు.

పేరు, పుట్టినతేదీ పదో తరగతి మెమోలో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే కొట్టండి. మన ఇంటిపేర్లతో పెద్ద తలనొప్పి, ఆధార్‌లో ఇంటిపేరు వెనకాల ఉంటది, మెమోలో ముందుంటది, కుల సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరమే ఉంటది. ఫారం వచ్చేలోపే ఆధార్ సరిచేయించుకుంటే సగం టెన్షన్ పోతది.

ఇక సర్టిఫికెట్ల సంగతి, ఇక్కడ కొంచెం ఎక్కువసేపు మాట్లాడాలి, ఎందుకంటే తెలివైన పిల్లలు కూడా దెబ్బతినేది చదువు దగ్గర కాదు ఈ కాగితం దగ్గరే. ఇది కేంద్ర యూనివర్సిటీ కాబట్టి రిజర్వేషన్లు కేంద్రం లెక్కన ఉంటాయి: ఎస్సీ 15 శాతం, ఎస్టీ 7.5, ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (బాగా ఉన్నోళ్ళని తీసేయగా మిగిలిన ఓబీసీలు) 27, ఈడబ్ల్యూఎస్ (రిజర్వేషన్ లేని కులాల్లో పేదలు) 10, వికలాంగులకి 5. మన దగ్గర బీసీ-ఎ, బీసీ-బి, బీసీ-డి అని గ్రూపులు ఉంటాయి కదా, అవి ఇక్కడ లెక్కలోకి రావు. రాష్ట్ర బీసీ లిస్టులో ఉన్నంత మాత్రాన కేంద్రం ఓబీసీ లిస్టులో ఉన్నట్టు కాదు, కొన్ని కులాలు రాష్ట్రం లిస్టులో ఉండి కేంద్రం లిస్టులో ఉండవు. కాబట్టి జాతీయ బీసీ కమిషన్ సైట్‌లో మీ రాష్ట్రం లిస్టు తెరిచి మీ కులం పేరు ఉందో లేదో ముందు చూస్కోండి. ఉంటే, మామూలు కుల సర్టిఫికెట్ కాకుండా కేంద్ర ప్రభుత్వ ఫార్మాట్‌లో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి. తెలంగాణ వాళ్ళు మీసేవలో, ఆంధ్ర వాళ్ళు సచివాలయంలో అప్లై చేయాలి, సంతకం తహసీల్దార్ ఆఫీస్‌లో అయ్యేసరికి రోజులు పడతాయి.

నాకు జరిగింది చెప్తా. మా నాన్న నన్ను తీసుకుని ఒక ఆఫీసుకి వెళ్తే అక్కడ క్లర్క్ గారు "ఓబీసీ అన్నా బీసీ అన్నా ఒకటే బాబూ" అని మామూలు సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపించారు, నేనూ సంతోషంగా తెచ్చేసుకున్నా. అప్‌లోడ్ చేసే రోజు సీనియర్ అన్న ఒకాయన చూసి తల పట్టుకున్నాడు. మళ్ళీ ఊరికెళ్ళి, మూడు రోజులు ఆఫీసు మెట్ల మీద కూర్చుని, మా నాన్న బతిమాలుకుని, చివరి తేదీకి ఒక్క రోజు ముందు సరైనది సంపాదించాం. ఆ మూడు రోజులు మీకొద్దు. అందుకే ఫార్మాట్ ప్రింట్ తీసుకుని చేత్తో పట్టుకెళ్ళండి, నోటితో చెప్తే కుదరదు.

ఇంకో మెలిక ఆదాయం లెక్క. ఓబీసీకీ ఈడబ్ల్యూఎస్‌కీ రెండింటికీ 8 లక్షలు అనే మాట వినిపిస్తది కానీ లెక్కలు వేరు. ఓబీసీ క్రీమీలేయర్ చూసేటప్పుడు అమ్మానాన్నల జీతం, వ్యవసాయం మీద వచ్చేది ఆ 8 లక్షల్లో కలపరు, అయితే వాళ్ళు పెద్ద గవర్నమెంట్ పోస్టులో ఉంటే దానికి రూల్ వేరే ఉంటది. ఈడబ్ల్యూఎస్‌లో మాత్రం జీతం, వ్యవసాయం, వ్యాపారం అన్నీ కలిపి లెక్క, పైగా కుటుంబానికి 5 ఎకరాలు, అంతకన్నా ఎక్కువ సాగుభూమి ఉంటే ఆదాయం ఎంత తక్కువున్నా రాదు. రాయలసీమలో, పాలమూరులో ఎండిపోయిన ఆరెకరాలు ఉన్నోళ్ళకి ఇది అన్యాయమే, కానీ రూల్ అది. ఈడబ్ల్యూఎస్ కాగితం ఏ ఆర్థిక సంవత్సరానిదో కూడా చూస్తారు, కాబట్టి ఏప్రిల్ దాటాక కొత్తది తీయించుకుని ఉంచుకోండి, ఓబీసీది కూడా తాజాదే పెట్టుకుంటే గొడవుండదు.

చదువు విషయానికొస్తే, యూజీలో ఒక్కో పేపర్‌కి 50 ప్రశ్నలు, 60 నిమిషాలు, రైటైతే 5 మార్కులు, తప్పైతే ఒకటి కోత. పీజీలో 75 ప్రశ్నలు, 90 నిమిషాలు, రైటైతే 4, తప్పైతే ఒకటి కోత. యూజీ పేపర్ 13 భాషల్లో ఉంటది, అందులో తెలుగు కూడా ఉంది, తెలుగు మీడియం పిల్లలు ఆ ఆప్షన్ పెట్టుకోవచ్చు. సిలబస్ మాత్రం ఎన్‌సీఈఆర్‌టీది, కాబట్టి తెలుగు అకాడమీ పుస్తకాలు మాత్రమే చదివి వెళ్తే కొన్ని ప్రశ్నలు మొహం మీద కొట్టినట్టు ఉంటాయి, ముఖ్యంగా హిస్టరీ, పాలిటీలో. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఆన్‌లైన్‌లో ఫ్రీగానే దొరుకుతాయి, దానికి కోచింగ్ అంటూ వేలకి వేలు పోయక్కర్లేదు. పీజీకి అయితే పాత ప్రశ్నపత్రాలే దేవుడు, సీయూఈటీ రాకముందు హెచ్‌సీయూ సొంతంగా పెట్టిన ఎంట్రన్స్ పేపర్లు కూడా సీనియర్ల దగ్గర దొరుకుతాయి, సంపాదించండి.

ఎగ్జామ్ అయింది, మార్కులు వచ్చాయి, ఇక సీటు వాళ్ళే ఇస్తారని కూర్చోకండి!! సీయూఈటీ రాస్తే సీటు రాదు, మార్కులు వస్తాయి అంతే. ఆ మార్కులు పట్టుకుని హెచ్‌సీయూ అడ్మిషన్ పోర్టల్‌లో మళ్ళీ విడిగా రిజిస్టర్ అవ్వాలి, ఫీజు కట్టాలి, కోర్సులు ఎంచుకోవాలి. ఫారంలో యూనివర్సిటీ పేరు టిక్ పెట్టాను కదా అని ఊరుకుని, జులైలో ఎవరో చెప్తే తెలుసుకుని ఏడ్చినవాళ్ళని నేనే నలుగురైదుగుర్ని చూశా. దీనికి ఇచ్చే గడువు కూడా పెద్దగా ఉండదు. తర్వాత మెరిట్ లిస్టులు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, మెయిల్ రోజూ చూడాలి, స్పామ్ ఫోల్డర్ కూడా. మొదటి లిస్టులో పేరు లేదని డీలా పడకండి, ఐఐటీలకీ ఢిల్లీకీ వెళ్ళిపోయేవాళ్ళు ఉంటారు, లిస్టు కిందికి దిగుతది. సీటు చూపించాక మాత్రం చెప్పిన గడువులోపు ఫీజు కట్టేయాలి, అకౌంట్‌లో డబ్బులు ముందే పెట్టుకుని ఉండండి.

పీహెచ్‌డీ వాళ్ళకి రెండు ముక్కలు. 2024 నుంచి నెట్ (జాతీయ అర్హత పరీక్ష) రాసినవాళ్ళని మూడు రకాలుగా చూస్తున్నారు, జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చినోళ్ళు, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత వచ్చినోళ్ళు, పీహెచ్‌డీకి మాత్రమే అర్హత వచ్చినోళ్ళు. జేఆర్‌ఎఫ్ కానివాళ్ళకి నెట్ మార్కులకి 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం వెయిట్, ఆ మార్కులు ఏడాది వరకే పనికొస్తాయి. జేఆర్‌ఎఫ్ ఉంటే మొదట నెలకి 37,000, అది లేకుండా చేరితే నాన్‌నెట్ ఫెలోషిప్ 8,000. ఈ రోజుల్లో 8,000తో హైదరాబాద్‌లో ఎట్లా బతుకుతారని ఇంట్లో అడుగుతారు, హాస్టల్ ఉంటే బతకొచ్చు, ఇంటికి పంపించడం మాత్రం కుదరదు. ఇంటర్వ్యూకి ప్రపోజల్ తీసుకెళ్ళాలి, అది ఏ గైడ్ పనికి దగ్గరగా ఉందో ముందే చూసి రాసుకోండి, ఎవరూ చూడని టాపిక్ ఎంత గొప్పదైనా గైడ్ దొరకరు.

డబ్బు గురించి ఇంట్లో భయం ఉంటే, ఎంఏ, ఎంఎస్‌సీ ఫీజు ప్రైవేటు కాలేజీలతో పోలిస్తే చాలా చాలా తక్కువ, అసలు ఖర్చు మెస్ బిల్లే. ఎంబీఏ లాంటివాటి ఫీజు మాత్రం వేరే, అది విడిగా చూస్కోండి.

ఇంగ్లీష్ గురించి దాచకుండా చెప్తా. పాఠాలన్నీ ఇంగ్లీష్‌లోనే, ఎంఏ తెలుగు లాంటివి తప్ప. మొదటి సెమిస్టర్‌లో టీ కొట్టు దగ్గర నేను చేసేది వినడం మాత్రమే, నోరు తెరవడానికి మూడు నెలలు పట్టింది. క్లాసులో ముప్పై పేజీల వ్యాసం ఇచ్చి రేపటికి చదువుకుని రండి అంటారు, రాత్రంతా డిక్షనరీ పక్కన పెట్టుకుని ఆరు పేజీలు అయ్యేది. నాకు పనికొచ్చిన ఉపాయం ఏంటంటే, ఒక మలయాళీ ఫ్రెండ్‌ని పట్టుకోవడం, వాడికి తెలుగు రాదు నాకు మలయాళం రాదు, చచ్చినట్టు ఇద్దరం ఇంగ్లీష్‌లోనే మాట్లాడుకోవాలి. సెమినార్ పేపర్ ముందు తెలుగులో రాసుకుని తర్వాత మార్చుకునేవాణ్ణి, రెండో ఏడాదికి ఆ అవసరం పోయింది. ఇంటర్నల్స్‌కి బాగా వెయిట్ ఉంటది, కాబట్టి ఆఖరి నెలలో గైడ్లు బట్టీ కొట్టి గట్టెక్కుదాం అనుకుంటే కుదరదు.

క్యాంపస్ సంగతి చేరే ముందే ఒకసారి వచ్చి చూస్కుంటే మంచిది. గచ్చిబౌలి, లింగంపల్లి మధ్య పాత ముంబై రోడ్డు మీద మెయిన్ గేటు, దగ్గర్లో రైలు స్టేషన్ లింగంపల్లి, ఎంఎంటీఎస్ వస్తది, ఆంధ్ర వైపు నుంచి వచ్చే రైళ్ళు కొన్ని కూడా అక్కడి దాకా వస్తాయి, టికెట్ తీసేటప్పుడు చూస్కోండి, సికింద్రాబాద్‌లో దిగి సిటీ అంతా దాటాల్సిన పని తప్పుతది. లోపల నార్త్ క్యాంపస్, సౌత్ క్యాంపస్ అని రెండు వైపులు, ఇందిరాగాంధీ మెమోరియల్ లైబ్రరీ, షాప్‌కామ్ (క్యాంపస్‌లో షాపులుండే చోటు), గోప్స్ ఈ మూడు పేర్లు తెలిస్తే దారి తప్పరు. గోప్స్ అంటే క్యాంటీనే కానీ సగం యూనివర్సిటీ అక్కడే నడుస్తది. పుట్టగొడుగులాగా నిలబడ్డ మష్రూమ్ రాక్, బఫెలో లేక్, పీకాక్ లేక్, నెమళ్ళు, జింకలు, ఇవన్నీ నిజంగానే ఉన్నాయి. 2025 మార్చి ఆఖర్లో పక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో బుల్డోజర్లు దిగి చెట్లు కొట్టడం, పిల్లలు అడ్డం నిలబడటం, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనడం మీరు టీవీలో చూసే ఉంటారు, అది ఇక్కడి సంగతే.

రాజకీయాలు ఉంటాయా అని అమ్మానాన్నలు అడుగుతారు. ఉంటాయి, బాగానే ఉంటాయి. ఎస్‌ఎఫ్‌ఐ, ఏబీవీపీ, అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్, ఎన్‌ఎస్‌యూఐ అన్నీ ఉన్నాయి, యూనియన్ ఎలక్షన్లు సీరియస్‌గా జరుగుతాయి. 2016 జనవరిలో పీహెచ్‌డీ చేస్తున్న రోహిత్ వేముల చనిపోయాక కులం గురించి దేశమంతా మాట్లాడుకుంది ఈ క్యాంపస్‌ని చూసే. మీరు ఏ గ్రూపులో చేరాలన్నది మీ ఇష్టం, చేరకపోయినా ఎవరూ బలవంతం చేయరు, కానీ మొదటి నెలలోనే ఎవరో టీ తాగించారని సభ్యత్వం రాసేయకండి, ఒక సెమిస్టర్ అందరి మీటింగులూ వినండి.

రిపోర్టింగ్ రోజుకి ఒరిజినల్స్ అన్నీ ఒక ఫైల్లో, జిరాక్సులు మూడు సెట్లు, ఫోటోలు ఓ డజను పెట్టుకోండి. టీసీ, మైగ్రేషన్ సర్టిఫికెట్ మీ పాత కాలేజీ, పాత యూనివర్సిటీ నుంచి ముందే తీసుకోవాలి, మైగ్రేషన్ అనేది ఒకటి ఉంటదని చాలామందికి ఆ రోజే తెలుస్తది. హాస్టల్ అప్లికేషన్ కూడా అడ్మిషన్ రోజే వేసేయండి, రూమ్ మాత్రం అదే రోజు చేతికొస్తదని అనుకోవద్దు, కొన్ని రోజులు ఎవరైనా సీనియర్ రూమ్‌లో చాప వేసుకునేలా రెడీగా రండి, మనోళ్ళు కాదనరు. పరుపు, బకెట్, తాళంకప్ప షాప్‌కామ్‌లో, లింగంపల్లిలో దొరుకుతాయి, ఊరి నుంచి మోసుకురాకండి. ఇంట్లో పాత సైకిల్ ఏదైనా ఉంటే మాత్రం రైల్లో వేసి తెచ్చుకోండి, హాస్టల్ నుంచి డిపార్ట్‌మెంట్ దాకా ఎండలో రోజుకి నాలుగుసార్లు నడిచాక నన్ను గుర్తు చేసుకుంటారు.